మా ఇంటి పైన చెరువు కట్టకి ‘హై హజార్డ్’ అని ఉంది, ఇల్లు అమ్మేయాలా?

ప్రశ్న: అట్లాంటా దగ్గర రెండేళ్ల కిందట ఇల్లు కొన్నాం. కమ్యూనిటీ చెరువు మట్టికట్ట కిందే మా వీధి. కట్ట హెచ్‌ఓఏది (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘానిది). మొన్న ప్రభుత్వ జాబితాలో చూస్తే దానికి ‘హై హజార్డ్’ అని ఉంది. అప్పట్నుంచి వాన పడితే నిద్ర పట్టడం లేదు. పక్కింటాయనేమో కట్ట గట్టిగానే ఉంది, పట్టించుకోకండి అంటారు. అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, జార్జియా

జవాబు: అమ్మే ఆలోచన ఇప్పుడే వద్దమ్మా. హజార్డ్ రేటింగ్ కట్ట ఎంత గట్టిదో చెప్పదు, తెగితే కింద ఏమవుతుందో చెబుతుంది. ప్రాణాలు పోయేట్టుంటే హై, ప్రాణాలకి కాకపోయినా ఆస్తులకీ రోడ్లకీ పెద్ద దెబ్బయితే సిగ్నిఫికెంట్, నష్టం కొద్దిగానే ఉంటే లో. మీ రాష్ట్రం రెండే రకాలు పెట్టుకుంది: ప్రాణాలు పోయేట్టుంటే కేటగిరీ 1, లేకపోతే కేటగిరీ 2. నిన్న కట్టిన కొత్త కట్టకైనా కింద మీ ఇల్లుంటే హై అనే వస్తుంది, బొరియలతో గుల్లయిపోయిన కట్ట కింద ఖాళీ పొలాలే ఉంటే లో అని రావచ్చు.

నన్నడిగితే హై కన్నా పాత ‘లో’లే ఎక్కువ భయపెడతాయి. కట్ట మారదు, కింద ఇళ్లు లేస్తాయి, ఎవరో వచ్చి మళ్లీ చూసేదాకా కాగితం మీద మాత్రం పాత మాటే ఉంటుంది. హవాయిలోని కవాయి ద్వీపంలో 2006 మార్చి 14న తెగి ఏడుగురిని పొట్టన పెట్టుకున్న కా లోకో కట్ట ప్రైవేటుదే, అప్పటికి దాని రేటింగ్ లో. మీ జార్జియాలోనే 1977 నవంబరు 6న, అర్ధరాత్రి దాటాక, టొకోవా దగ్గర కెల్లీ బార్న్స్ కట్ట తెగి కింద ఉన్న బైబిల్ కాలేజీ మీద పడింది. 39 మంది పోయారు. ఆ తర్వాతే, 1978లో, రాష్ట్రానికి డ్యాముల భద్రతా చట్టం వచ్చింది.

కాబట్టి పక్కింటాయన మాట మీద ఊరుకోకండి, కట్ట పరిస్థితికి వేరే రేటింగ్ ఉంటుంది: శాటిస్‌ఫ్యాక్టరీ, ఫెయిర్, పూర్, అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ. హెచ్‌ఓఏని చివరి తనిఖీ రిపోర్టు అడగండి, ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ అడగండి, కట్ట తెగితే నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపించే మ్యాపు అడగండి, రాత్రి రెండింటికి గండి పడితే మీకు ఫోన్ చేసేది ఎవరో కూడా అడగండి. మరమ్మతుకు నిధి ఎంతుందో కనుక్కోండి, లేకపోతే ఆ ఖర్చు చివరికి మీ అందరి మీదే పడుతుంది. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకి పనికిరాదు, ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, ప్రభుత్వ పాలసీకైతే సాధారణంగా 30 రోజులు ఆగాలి. ఇవాళే మొదలుపెట్టండి.

మన ఊళ్లలో చెరువు కట్ట మీద తిరిగినవాళ్లకి మిగతాది తెలిసిందే. పెద్ద వాన వెలిశాక వెళ్లి చూడండి: అలుగుకి చెత్త అడ్డం పడిందా, తూము గొట్టం తుప్పు పట్టిందా, కట్ట మీద ఎక్కడైనా కుంగిందా. కట్ట అడుగున తేటనీరు కొద్దిగా ఊరుతుంటే రాసిపెట్టుకుని ఇంజినీరుకి చెప్పండి. అదే నీరు బురదగా వస్తుంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, బుంగ పడుతోంది. అప్పుడు దగ్గరికెళ్లి ఫొటోలు తీస్తూ నిలబడొద్దు, పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లిపోయి 911కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా పదెకరాల్లో చిన్న చెరువుంది, కట్ట మీద పెద్ద పెద్ద చెట్లున్నాయి. పీకించేయాలా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడే కొట్టేసి గడ్డి పెంచండి. పెద్ద చెట్లని మాత్రం తొందరపడి పీకించకండి, వేళ్లు పోయిన చోట గుంతలు పడతాయి, కొట్టేసి వదిలేస్తే ఆ వేళ్లే కుళ్లి నీటికి దారి ఇస్తాయి. డ్యాములు తెలిసిన ఇంజినీరుని పిలిపించి, నీటిమట్టం తగ్గించాక ఆయన చెప్పిన చోట తవ్వించి, మంచి మట్టి పొరలు పొరలుగా దిమ్మిస చేయించాలి.