విల్లుకు టేకు పనికొస్తుందా, వెదురు మేలా?

తలుపులు చేయించగా మిగిలిన టేకు పలకతో విల్లు చెక్కవచ్చా, లేక వేరే కర్ర చూసుకోవాలా అని మీరు అడిగారు. నేనూ అటువంటి మిగులు పలకతోనే మొదలుపెట్టి, మూడు విళ్ళు పాడుచేసుకున్న తరువాత వెదురు దగ్గరికి వచ్చాను.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, చెద త్వరగా పట్టదు, వాతావరణం మారినా పెద్దగా వంకర తిరగదు, చిత్రికకు చక్కగా లొంగుతుంది. ద్వారబంధాలకు దానికి సాటి లేదు. అయితే ఇవేవీ విల్లు కోరే గుణాలు కావు. విల్లును లాగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నొక్కుకుపోతుంది. కాబట్టి సాగే ముఖంలో నార ఒక కొన నుంచి మరో కొన దాకా తెగకుండా ఉండాలి. రంపంతో కోసిన పలకలో ఆ నార చాలాసార్లు ఏటవాలుగా మధ్యలోనే తెగిపోయి ఉంటుంది. నా టేకు విల్లు ఇరవై అంగుళాలు లాగేసరికి సరిగ్గా అటువంటి చోటే రెండు ముక్కలైంది.

తరువాత తుమ్మ ప్రయత్నించాను. బండి చక్రాలకు వాడే కర్ర గనుక దెబ్బకు ఓర్చుకుంటుంది. కాని మనిషెత్తున, ముడి లేకుండా తిన్నగా ఉన్న తుమ్మ దొరకడమే గగనం, నాది ముడి దగ్గరే పగిలింది. కౌటిల్యుని అర్థశాస్త్రం విళ్ళకు తాటిని కూడా పేర్కొన్నదని తెలిసి తాటి చేవ మీద ఆశపడ్డాను. ఈనెలు లేచి అరచేతిలో దిగాయి తప్ప విల్లు కాలేదు. అది నా పనితనం లోపమే అనుకుంటాను.

వెదురులో బలమైన నార పైచర్మం దగ్గరే దట్టంగా ఉంటుంది, అంటే సాగే ముఖం మనకు సిద్ధంగా దొరుకుతుంది. ఇంగ్లండు వారు యూ అనే చెట్టు కర్రతో చేసిన విళ్ళలోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంది: బెరడు పక్క తెల్లచెక్క సాగడానికి, లోపలి ఎర్రని చేవ నొక్కిడికి ఓర్చుకోవడానికి. లోపలి బోలు చుట్టూ గోడ మందంగా ఉండి, మూడేళ్ళు దాటిన వెదురు గెడను వానలు వెనుకపట్టాక కొట్టి, రంపంతో కోయకుండా కత్తితో బద్దగా చీల్చి, నీడలో కొన్ని నెలలు ఆరబెట్టండి. పైచర్మాన్ని, కనుపులనూ లోతుగా చెక్కకండి. తీయవలసినదంతా లోపలి వైపు నుంచే తీయాలి. కొంచెం తీయడం, కొంచెం వంచి చూడడం, పై సగమూ కింది సగమూ సమంగా వంగుతున్నాయో లేదో గోడకు ఆనించి గమనించడం: నాకు దీనికే రెండు ఆదివారాలు పట్టాయి. లోపలి ముఖాన్ని నిప్పుల మీద మాడకుండా కాచితే గట్టిపడుతుంది.

విల్లు తయారయ్యాక బాణం లేకుండా అల్లెతాడును లాగి వదలకండి, పని లేనప్పుడు తాడు దించి ఉంచండి. మీ టేకు పలకను మాత్రం బాణాల పెట్టెకు దాచుకోండి.