వైరస్ వాహకమా, వాహక వైరసా?

సందేహం: సైన్స్ వార్తలు తెలుగులోకి అనువదిస్తుంటాను. క్యాన్సర్ పరిశోధన గురించిన ఒక వార్తలో ‘వైరల్ వెక్టర్’ అనే మాట వచ్చింది. నిఘంటువు చూసి ఇలా రాశాను: “వైరస్ సదిశల ద్వారా రోగనిరోధక సంకేత జన్యువులను కణితికి బట్వాడా చేశారు.” సదిశ తప్పు, వాహకం అనాలి అంటున్నారు మా సహోద్యోగి. వాహకం అంటే దోమ అనీ, కరెంటు తీగ అనీ బడిలో చదువుకున్నాం కదా! ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ సహోద్యోగి మాటే సరి. సదిశ లెక్కల్లోనూ భౌతికశాస్త్రంలోనూ వాడే మాట. దిశ ఉన్న రాశి సదిశ, లేనిది అదిశ. బలం సదిశ, ద్రవ్యరాశి అదిశ అని ఇంటర్‌లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కణంలోకి వెళ్లే వైరస్‌కు ఆ దిశతో పనిలేదు. దాని పని జన్యువును మోయడం. లాటిన్‌లో వెక్టర్ అంటే మోసేవాడనే అర్థం. ఆ మాటకు ఆధారమైన లాటిన్ ధాతువూ, మన వాహనం, ప్రవాహం, వివాహం పుట్టిన సంస్కృత ‘వహ్’ ధాతువూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. అందుకే వాహకం ఇక్కడ అంత చక్కగా అతుకుతుంది.

అయితే మాటల చుట్టరికాన్ని నమ్ముకుని మరీ ముందుకు పోకూడదు. వైరస్ అనే లాటిన్ మాటకు మన ‘విషం’ కూడా చుట్టమే. అంతమాత్రాన ‘విషవాహకం’ అని రాస్తే, ఆ మందు తీసుకోవలసిన మనిషి హడలిపోతాడు. వైరస్ తెలుగులో స్థిరపడిన మాట. దాన్నలాగే ఉంచండి.

ఇక దోమ, కరెంటు తీగ. ఒకే మాట మూడు శాస్త్రాల్లో మూడు పనులు చేస్తే నష్టమేమీ లేదు, సందర్భం చూసుకుంటుంది. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ‘వైరస్ వాహకం’ అని రెండు మాటలు పక్కపక్కన చేరగానే అర్థం తలకిందులయ్యే ప్రమాదముంది. మీ ఉత్తరం అందిన రోజు, సదిశ తీసేసి వాహకం పెట్టి, ఆ వాక్యాన్ని మా పెద్దక్కయ్యకు చదివి వినిపించాను. కూరగాయలు తరుగుతూ విన్నది కాస్తా కత్తిపీట పక్కకు పెట్టి, “వైరస్ వాహకం అంటే దోమే కదరా! దోమల చేత కుట్టిస్తారా ఏమిటి?” అంది. ఆవిడ తప్పేం లేదు. డెంగీ వైరస్ వాహకం ఏడిస్ దోమ అని గోడల మీద, కరపత్రాల్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ ‘వైరస్‌కు వాహకం’ అని విగ్రహవాక్యం, షష్ఠీ తత్పురుషం. మోసేది దోమ, మోయబడేది వైరస్.

మీరు అనువదిస్తున్న పరిశోధనలో మోసేదే వైరస్. అంటే ‘వైరస్ అనే వాహకం’ అని చెప్పుకోవాలి. గంగానదిలాగా సంభావనా పూర్వపద కర్మధారయం అన్నమాట. వ్యాకరణం దీన్నీ ఒప్పుకుంటుంది, దాన్నీ ఒప్పుకుంటుంది. కానీ చదివేవాళ్లు విగ్రహవాక్యం రాసుకుని చదవరు, అలవాటైన అర్థాన్నే పట్టుకుంటారు. అందుకే క్రమం మార్చి ‘వాహక వైరస్’ అనమంటాను. వాహకమైన వైరస్. ఇందులో రెండో అర్థానికి చోటు లేదు. లాటిన్ మాటతో సంస్కృత పదాన్ని సమాసం చేయవచ్చా అని ఎవరైనా అడిగితే పోలీసు శాఖను, రైలు ప్రమాదాన్ని చూపించండి.

ఈ తేడా కోసం ఇంత పట్టుపట్టడానికి కారణముంది. 2021లో కోవిషీల్డ్, స్పుత్నిక్-వి టీకాలు వచ్చినప్పుడు ‘వైరల్ వెక్టర్ టీకా’ అని పేపర్లన్నీ రాశాయి. వైరల్ అంటే మనవాళ్లకు తెలిసినవి రెండే: వైరల్ ఫీవర్, వైరల్ వీడియో. టీకాలోనే వైరస్ పెడుతున్నారట అని టెన్షన్ పడినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీల నుంచి తీసుకుని, మన ఒంట్లో పెరగకుండా మార్చిన అడినోవైరస్. కరోనా వైరస్ కొమ్ము ప్రొటీన్‌కు చెందిన జన్యువును మోసుకెళ్లడమే దాని పని. ‘వాహక వైరస్ టీకా’ అని ఒక్కసారి విడమరిచి రాసి ఉంటే కొందరికైనా ఆ భయం తగ్గేది.

మీ వాక్యంలో ‘రోగనిరోధక సంకేత జన్యువులు’ కూడా ఇబ్బందిపెడుతోంది. జన్యువు సంకేతం పంపదు. ఒక ప్రొటీన్ ఎలా తయారుకావాలో అది చెబుతుంది. ఆ ప్రొటీన్ కణం నుంచి బయటికి వెళ్లి, ‘ఇక్కడ శత్రువున్నాడు, రండి’ అని రోగనిరోధక కణాలకు కబురు అందిస్తుంది. కబురు మోసే ఈ ప్రొటీన్లే సైటోకైన్లు. ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ ఆ కుటుంబంలోవే. పైగా ‘జన్యు సంకేతం’ అనే మాటను జీవశాస్త్రంలో ఇప్పటికే వేరే అర్థంలో వాడుతున్నారు. కాబట్టి ‘సైటోకైన్ జన్యువు’ అనండి, మొదటిసారి వచ్చినచోట కబురు సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి.

ఉదాహరణకు, మూత్రాశయ క్యాన్సర్‌లో, క్షయ టీకాగా మనకు తెలిసిన బీసీజీతో చేసే చికిత్స పనిచేయని కొందరి కోసం 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మందును అనుమతించింది. దాని పేరు నాడోఫారాజీన్ ఫిరాడెనోవెక్. చివరి ‘అడెనోవెక్’లో అడినోవైరస్, వెక్టర్ రెండూ ఉన్నాయి. మూడు నెలలకోసారి సన్నని గొట్టంతో దీన్ని మూత్రాశయంలోకి పంపుతారు. వైరస్ అక్కడి కణాల్లోకి ఇంటర్‌ఫెరాన్ జన్యువును చేరవేస్తుంది. ఇక ఆ కణాలే ఇంటర్‌ఫెరాన్ తయారుచేస్తాయి. 2015లో అమెరికాలోనే చర్మ క్యాన్సర్ మెలనోమాకు అనుమతి పొందిన టీ-వెక్ అనే మందు సంగతి కొంచెం వేరు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను మార్చి, దానికి జీఎం-సీఎస్‌ఎఫ్ అనే సైటోకైన్ జన్యువును జోడించారు. ఆ వైరస్ కణితిలో పెరిగి క్యాన్సర్ కణాలను పగలగొడుతుంది కూడా. దాన్ని ఉత్త వాహకం అంటే సగమే చెప్పినట్టు.

‘చేరవేస్తుంది’ అని రాశానని గమనించారా? బట్వాడా మంచి మాటే, కానీ అది ఉత్తరాలకు, జీతాలకు. పలువురికి పంచిపెట్టడం అందులో ఉంది. డెలివరీ అని మాత్రం వద్దు. ఆస్పత్రి కాగితం మీద డెలివరీ కనిపిస్తే మనవాళ్లకు కాన్పే గుర్తొస్తుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “వాహక వైరస్‌ల సాయంతో సైటోకైన్ జన్యువులను కణితి కణాల్లోకి చేరవేశారు.” ‘కణితికి’ అన్నదాన్ని ‘కణితి కణాల్లోకి’ అని మార్చాను. జన్యువు కణితి దాకా వెళ్లి బయటే ఆగిపోతే ప్రయోజనం లేదు, కణం లోపలికి చేరితేనే ప్రొటీన్ తయారవుతుంది.