డైవింగ్ చేస్తే నడుం పట్టేస్తోంది, ఎడం చెయ్యి పైకి లేవట్లేదు... జాకెట్ మార్చాలా?

ప్రశ్న: నా వయసు 46. ఆరేళ్లుగా స్కూబా డైవింగ్ చేస్తున్నా, సొంత బీసీడీ జాకెట్ (గాలి నింపుతూ, వదుల్తూ నీళ్లలో తేలడం, మునగడం సరిచూసుకునేది) ఉంది. రెండేళ్ల కిందట ఎమ్మారై తీస్తే నడుం దగ్గర ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ బల్జ్ (ఉబ్బింది) అన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఈ మధ్య ఎడమ భుజానికి ఫ్రోజెన్ షోల్డర్ వచ్చింది, చెయ్యి భుజం ఎత్తు దాటి లేవట్లేదు. నీళ్లలో మునగడానికి నడుముకి 9 కిలోల సీసం ముక్కలున్న వెయిట్ బెల్టు కడతాను. డైవ్ చేసిన ప్రతిసారీ రెండు మూడు రోజులు నడుం పట్టేస్తోంది. పైగా జాకెట్లో గాలి నింపే బటన్ ఒక్కోసారి నొక్కి వదిలాక వెంటనే పైకి రావట్లేదు. డైవింగ్ మానెయ్యాలా, లేక జాకెట్ మారిస్తే సరిపోతుందా?

డాక్టర్ జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది నడుమూ కాదు, భుజమూ కాదు, ఏదో మాటవరసకి అన్నట్టు చివర్లో రాసిన ఆ బటన్ సంగతి. అది బాగుచేయించేదాకా ఆ జాకెట్ వేసుకుని నీళ్లలోకి దిగకండి, స్విమ్మింగ్ పూల్లో కూడా వద్దు. ఎందుకంటే ఆ బటన్ లోపలికి ఇరుక్కుని ఉండిపోయిందనుకోండి, సిలిండర్లోంచి గాలి ఆగకుండా జాకెట్లోకి వస్తూనే ఉంటుంది, మీరు పైకి లేవడం మొదలవుతుంది, పైకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి లోపలున్న గాలి ఇంకా ఉబ్బి స్పీడు ఇంకా పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో లీటరు ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లు అవుతుంది. జాకెట్లోనే కాదు, మీ ఊపిరితిత్తుల్లో గాలికీ అదే లెక్క. ఆ కంగారులో ఊపిరి బిగబట్టారో, ఊపిరితిత్తి చిరిగి గాలి బుడగలు రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకి పోవచ్చు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, నిండా గాలి పీల్చి బిగబట్టి మీటరున్నర లోతు నుంచి పైకొచ్చినా జరగొచ్చు. మామూలు డైవర్ అయితే ఎడం చేత్తో జాకెట్ ముడతల హోస్ (గాలి గొట్టం) పైకెత్తి గాలి వదిలేస్తాడు. మీకు ఆ చెయ్యే లేవట్లేదు కదా. అంటే మీ జాకెట్ రోగమూ మీ భుజం రోగమూ రెండూ కలిసి ఒకే చోట దెబ్బకొట్టేలా ఉన్నాయి.

నాకూ ఒకసారి జరిగింది లెండి, డాక్టర్నే అయినా డైవింగ్ నాకూ పిచ్చే. డైవ్ అయిపోయి 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల స్టాప్ (ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి ఆగడం) చేస్తుంటే కొంచెం గాలి కోసం బటన్ నొక్కా, వేలు తీసినా బుస్సుమని సౌండ్ ఆగలేదు. ఒక చేత్తో సిలిండర్ నుంచి జాకెట్‌కి గాలి తెచ్చే సన్న హోస్ కాలర్ (బిగింపు రింగు) వెనక్కి లాగి ఊడబీకా, ఇంకో చేత్తో డంప్ (గాలి వదిలే వాల్వ్) తాడు లాగా, నోట్లోంచి బుడగలు వదుల్తూ ఉన్నా, అయినా రెండు మీటర్లు పైకి లేచేశా. తర్వాత విప్పించి చూస్తే లోపల చక్కెర పలుకంత ఉప్పు గడ్డ. తప్పు నాదే, ముందు ట్రిప్ నుంచి వచ్చి పైపైన నీళ్లు కొట్టేసి సంచిలో కుక్కేశాను. ఆ హోస్ ఊడదీసే ప్రాక్టీసు మీరు కూడా చెయ్యండి, గాలి ప్రెషర్ ఉన్నప్పుడు ఆ కాలర్ కాస్త బిగుతుగానే ఉంటుంది, మీ వేళ్లకి ఆ బలం ఉందా లేదా అన్నది ఒడ్డునే తెలియాలి. కుడి చేత్తో కూడా అందుతుందేమో చూసుకోండి.

ఇక నడుం సంగతికి వద్దాం. నా అనుమానం ఏంటంటే మీ నొప్పిలో డిస్క్ వాటా కొంతే, ఆ 9 కిలోల సీసం వాటా ఎక్కువ. మీ బరువూ సూట్ మందమూ రాయలేదు కాబట్టి ఎన్ని కిలోలు కావాలో ఇక్కణ్నుంచి చెప్పలేను కానీ, కోర్స్ నేర్చుకునేటప్పుడు కిందకి దిగట్లేదని ఇన్‌స్ట్రక్టర్ రెండు ముక్కలు ఎక్కువ కడితే, తర్వాత ఏళ్ల తరబడి అదే లెక్క మోసేవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు ఏమవుతుందంటే, బరువంతా నడుం దగ్గర కిందకి లాగుతుంది, ఆ ఎక్కువ బరువుని మొయ్యడానికి జాకెట్లో గాలి ఎక్కువ పెడతారు, ఆ గాలేమో పక్కల్లో, భుజాల దగ్గర చేరి ఛాతీని పైకెత్తుతుంది, పైభాగం పైకి, నడుం కిందకి, మధ్యలో వెన్ను విల్లులా వెనక్కి వంగుతుంది. ఆ వంపులోనే ముప్పావు గంట ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు) తన్నారంటే డిస్క్ బాగున్నవాడికే నడుం పడుతుంది, మీకు పట్టకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి కొత్త జాకెట్ కొనేముందు పైసా ఖర్చులేని పని ఒకటి చెయ్యండి. బటన్ రిపేరయ్యాక, డైవ్ చివర్లో సిలిండర్లో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) మిగిలినప్పుడు నీళ్లపైన నిటారుగా, కాళ్లు ఆడించకుండా ఉండండి. జాకెట్లో గాలి మొత్తం తీసెయ్యండి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపండి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఊపిరి పీల్చి ఉండగానే బుడుంగున మునిగిపోతున్నారంటే ఒక్కో కిలో తీసేస్తూ మళ్లీ చూడండి. డైవ్ చివర్లోనే ఎందుకంటే 11 లీటర్ల సిలిండర్లో నిండా 200 బార్ ఉన్నప్పుడు ఆ గాలి బరువే రెండున్నర కిలోల పైచిలుకు, అది అయిపోయేకొద్దీ మీరు తేలికవుతారు, మొదట్లో చూసుకుంటే చివర్లో కిందే ఉండటం కష్టమవుతుంది. సూట్ మారినా, ఒళ్లు తగ్గినా పెరిగినా, మంచినీళ్ల నుంచి సముద్రానికి మారినా మళ్లీ చూసుకోవాలి. మనిషీ సామానూ కలిపి 100 కిలోలు అనుకుంటే సముద్రంలో సుమారు రెండున్నర కిలోలు ఎక్కువ కట్టాలి.

మిగిలిన బరువు కూడా మొత్తం నడుముకే కట్టకండి. కొంత సిలిండర్ బెల్టు దగ్గర పైన ఉండే ట్రిమ్ పాకెట్లలో వెయ్యండి, కొంత జాకెట్ పాకెట్లలో. గాలి సంచి వీపు వెనకే ఉండే వింగ్ రకం మీలాంటి నడుముకి బాగుంటుంది, దాని స్టీల్ ప్లేటే రెండు మూడు కిలోలుంటుంది, ఆ బరువు వీపంతా పరుచుకుంటుంది, ఒళ్లు నీళ్లలో పడుకున్నట్టు సాఫీగా ఉంటుంది. ఛాతీని నొక్కదు కూడా. కాకపోతే నీళ్లపైన ఆగినప్పుడు గాలి ఎక్కువ పెడితే ముందుకి తోస్తుంది, అలవాటయ్యేదాకా చిరాగ్గా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, బరువంతా విసిరెయ్యలేని చోట పెట్టకండి, అవసరమైతే లాగి పడేసే పాకెట్లో కొంత ఉండాలి, అది మీ కుడి చేతికి అందాలి.

అసలు చాలామందికి నడుం పట్టేది నీళ్లలో కాదు, ఒడ్డున. నిండు అల్యూమినియం సిలిండర్ ఒక్కటే 17 కిలోల దాకా ఉంటుంది, జాకెట్టూ సీసమూ కలిస్తే పాతిక దాటుతుంది, దాన్ని వీపున వేసుకుని వంగి ఫిన్స్ తొడుక్కుంటారు. మీరు అది మానెయ్యండి. జాకెట్లో గాలి నింపి నీళ్లలోకి ముందు దాన్ని దించమనండి, మీరు తర్వాత దిగి నీళ్లలోనే తొడుక్కోండి. ఎక్కేటప్పుడు కూడా విప్పి పైకి అందించండి. పాకెట్లలో సీసం ఉంటే జాకెట్ మునగకుండా గాలి బాగా ఉండాలి, మీరేమో సూట్ వల్ల తేలిపోతుంటారు, అందుకే పట్టుకోడానికి పక్కన మనిషి ఉండాలి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

భుజానికి: తొడిగేటప్పుడు పట్టీలు పూర్తిగా వదులు చేసి నొప్పి ఉన్న చెయ్యి ముందు దూర్చండి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర్న తియ్యండి. చొక్కా తొడుక్కోడానికి ఫిజియో ఇదే చెప్పి ఉంటారు, జాకెట్టుకీ అదే. రెండు భుజాల మీదా క్లిప్పు ఊడే బకిల్స్ ఉన్న మోడల్ అయితే ఇంకా హాయి. గాలి వదలడానికి ఎడం చెయ్యి ఎత్తాల్సిన పని లేని దారులు రెండు మూడు ఉన్నాయి. కొన్ని జాకెట్లలో ముడతల హోస్ లోపల కేబుల్ ఉంటుంది, హోస్‌ని కిందకి లాగితే చాలు భుజం మీద వాల్వ్ తెరుచుకుంటుంది. కుడి భుజం మీద తాడున్న డంప్ చాలావాటికి ఉంటుంది. వెనక కింద నడుం దగ్గర ఇంకోటి. గాలి ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటికే చేరుతుంది కాబట్టి, కింది డంప్ వాడాలంటే తల కాస్త దించి నడుం కాస్త లేపాలి, నిటారుగా ఉండి ఆ తాడు ఎంత లాగినా ఏమీ రాదు. తాడు చివరి గుండు చిన్నదైతే పెద్దది మార్పించుకోండి. పూల్లో కళ్లు మూసుకుని పదిసార్లు వెతికి పట్టుకునేదాకా సముద్రం జోలికి పోకండి, మీ బడ్డీకి (జోడీగా దిగే డైవర్‌కి) కూడా మీ జాకెట్లో ఏది ఎక్కడుందో చూపించండి.

కడగడం సంగతి. బయట కడగడం అందరూ చేస్తారు, లోపల కడిగేవాళ్లు తక్కువ. ఊదే మూతి దగ్గర బటన్ నొక్కి మంచినీళ్లు లోపలికి పొయ్యండి, గాలి నింపి అటూ ఇటూ కుదపండి, తలకిందులు చేసి డంప్ లోంచి వంచెయ్యండి, ఉప్పు రుచి పోయేదాకా రెండు మూడుసార్లు. బటన్లని నీళ్లలో ముంచి పదే పదే నొక్కండి. తర్వాత సగం గాలితో నీడలో ఆరెయ్యండి, ఎండలో వద్దు. ఒకసారి ఫ్రెండ్ జాకెట్ వంచితే వారం మార్చని పూలకుండీ నీళ్ల వాసన వచ్చింది, లోపల నల్లటి పొర. తడి సంచిలో బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి, అందుకే ఆ జాకెట్లోంచి ఎప్పుడూ గాలి పీల్చకండి, అద్దె జాకెట్ అయితే ఊదే ముందు మూతి కడగండి. బ్లీచింగ్ పొయ్యకండి, డైవ్ సామాను కోసం అమ్మే క్రిమినాశిని చాలు. రాత్రి నిండా గాలి నింపి పెట్టి పొద్దున చూస్తే లీకులు తెలిసిపోతాయి. బటన్ లోపల ఉండేది కారు టైరు వాల్వ్ పిన్ లాంటిదే, మార్చడం పెద్ద పని కాదు, కానీ ఇంట్లో నూనె చుక్కలు వెయ్యకండి, ఏడాదికోసారి సర్వీస్ చేయించండి.

మరి మానెయ్యాలా? మానక్కర్లేదు, కానీ ఇప్పుడే వద్దు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదంలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం దగ్గర ఏ తేడా ఉన్నా ముందు వెన్ను డాక్టర్‌కి చూపించాలి. మత్తొచ్చే కండరాల మాత్రలు వేసుకుని దిగకూడదు. భుజం బిగుసుకునే దశలో ఉంటే ఆగండి, ఫిజియోతో వదులయ్యాక దిగండి. ఫ్రోజెన్ షోల్డర్ షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుంది కాబట్టి ఒకసారి షుగర్ టెస్ట్ కూడా చేయించండి, షుగర్ మందులు వాడేవాళ్లకి నీళ్ల కింద షుగర్ పడిపోతే కష్టం, అప్పుడు డైవింగ్ ఫిట్‌నెస్ లెక్కే వేరు.

మీకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఇంకోటుంది. డీకంప్రెషన్ సిక్‌నెస్ (డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకొచ్చాక బుడగలు కట్టే జబ్బు) నొప్పి వచ్చే చోట్లలో భుజం ముందుంటుంది, వెన్నుపాముకి తగిలితే నడుం నొప్పితోనే మొదలవ్వొచ్చు. మీరేమో "అబ్బే, ఎప్పుడూ ఉండేదే" అనుకుని పడుకుంటారు. అందుకే దిగేముందు ఫోన్లో రాసి పెట్టుకోండి: నొప్పి ఎక్కడ, పదికి ఎంత, చెయ్యి ఎంతదాకా లేస్తోంది, ఎక్కడైనా తిమ్మిరి ఉందా. డైవ్ తర్వాత ఒక రోజులోపు కొత్త చోట నొప్పి వచ్చినా, చెయ్యి కదిపినా కదపకపోయినా ఒకేలా లోపలి నుంచి సలుపుతున్నా, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు, విపరీతమైన నీరసం, నడకలో తూలు ఉన్నా మసాజ్ చేయించుకుని పెయిన్ కిల్లర్ వేసుకోకండి. ఆక్సిజన్ పెట్టించుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, డైవింగ్ చేసి వచ్చానని మొదటి మాటగా చెప్పండి, రాసిపెట్టుకున్నది డాక్టర్‌కి చూపించండి.