క్లీనింగ్ నొప్పి తగ్గాలంటే ముందు చిగుళ్ల వాపు తగ్గాలి

ప్రశ్న: నా వయసు 38. రెండేళ్ల కిందట పళ్లు క్లీనింగ్ చేయించుకున్నాను. కుర్చీలో ఉన్నంతసేపూ జివ్వుజివ్వుమని లాగేసింది, రక్తం కూడా బాగా వచ్చింది. ఆ తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్లు తాగలేకపోయాను. ఇప్పుడు మళ్లీ గార పట్టింది. బ్రష్ చేస్తుంటే కింది ముందుపళ్ల దగ్గర రక్తం వస్తోంది. నొప్పి పుడుతుందని అక్కడ బ్రష్ పెద్దగా ఆనించడం లేదు. క్లీనింగ్ చేయించుకోమని డాక్టర్ అంటున్నారు గానీ తలచుకుంటేనే భయమేస్తోంది. నొప్పి తక్కువగా ఉండాలంటే ఏం చేయాలి? క్లీనింగ్ వల్ల పళ్లు వదులవుతాయంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: క్లీనింగ్‌లో మీకు కలిగిన బాధలో ఎక్కువ భాగం పరికరం వల్ల వచ్చినది కాకపోవచ్చు. అప్పటికే వాచి ఉన్న చిగురుకు అది తగలడం వల్ల వచ్చి ఉంటుంది. కమిలిన చోట వేలు ఆనించినా నొప్పే కదా! అదే పరికరం ఆరోగ్యంగా ఉన్న చిగురు పక్కన కదిలితే చాలామందికి కాస్త గీరుతున్నట్టు, చల్లగా అనిపిస్తుంది, అంతే. అందుకని అపాయింట్‌మెంట్ రెండు మూడు వారాల తర్వాతకి తీసుకుని, ఈలోపు చిగుళ్ల వాపు తగ్గించుకోండి. భయంతో నెలల తరబడి వాయిదా వేస్తే మాత్రం గార పెరిగి, తర్వాతి క్లీనింగ్ ఇంకా కష్టమవుతుంది.

నొప్పి పుడుతుందని రక్తం వచ్చే చోట బ్రష్ ఆనించడం లేదన్నారు. ముందు మార్చుకోవాల్సింది అదే. చిగురు అంచున నిలిచిన పాచి నిండా బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తప్రసరణ పెంచుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, ఏం తగిలినా రక్తం కారుతుంది. అంటే రక్తం వచ్చే చోటే బ్రష్ అవసరం ఎక్కువ. 1965లో ప్రచురితమైన ఒక డెన్మార్క్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు శుభ్రం చేసుకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రత మొదలుపెట్టాక దాదాపు వారంలో తగ్గిపోయింది. మీకు గట్టిపడిన గార ఉంది కాబట్టి వాపు అంత పూర్తిగా తగ్గదు. గార పోయేది క్లీనింగ్‌తోనే. అయినా దాని మీద రోజూ కొత్తగా చేరే పాచిని తీసేస్తుంటే చిగురు ఎంతో నెమ్మదిస్తుంది.

కింది ముందుపళ్ల దగ్గరే గార ఎందుకంటే, లాలాజల నాళాలు నాలుక కింద సరిగ్గా వాటి వెనకే తెరుచుకుంటాయి. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పాచిలోకి చేరి దాన్ని గట్టిపరుస్తాయి. ఆ పళ్ల లోపలి వైపు తోమేటప్పుడు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని, దాని కొసతో చిగురు దగ్గర్నుంచి పైకి తీయండి. మిగతా చోట్ల బ్రష్‌ను చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, కుచ్చు కొసలు పన్నూ చిగురూ కలిసే చోటుకి తగిలేలా పెట్టి, అక్కడే చిన్నగా కదిలించండి. మెత్తటి కుచ్చున్న బ్రష్ వాడండి, పెన్ను పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకోండి. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు. గట్టిగా రుద్దితే పాచి ఎక్కువ పోదు, చిగురు మాత్రం కిందికి జారుతుంది.

పళ్ల మధ్యకు బ్రష్ వెళ్లదు, వాపు తరచూ మొదలయ్యేదీ అక్కడే. సందులు ఇరుకైతే ఫ్లాస్ (పళ్ల మధ్య దూర్చే సన్నటి దారం), వెడల్పైతే ఇంటర్‌డెంటల్ బ్రష్ (సందుల్లో దూరే చిన్న బ్రష్) రోజుకొకసారి వాడండి. మొదటి కొన్ని రోజులు రక్తం కాస్త ఎక్కువే కనిపిస్తుంది, కంగారుపడి మానేయకండి. క్రమంగా తగ్గాలి. రెండు వారాలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే, సమస్య చిగురు లోపలికి దిగి ఉండొచ్చు. అప్పుడు డాక్టర్ సన్నటి కొలత పుల్లతో చిగురుకూ పంటికీ మధ్య లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. అంతకు మించి లోతుంటే పైపై క్లీనింగ్ సరిపోకపోవచ్చు.

చల్లటి నీళ్లకు జివ్వుమనడం వేరే సంగతి. చిగురు జారి వేరు బయటపడితే, దాని మీద ఎనామిల్ కవచం ఉండదు. లోపల ఉన్న అతి సన్నని నాళికల్లోని ద్రవం చల్లదనానికి కదిలి నరాన్ని తడుతుంది. పొటాషియం నైట్రేట్ లేదా స్టానస్ ఫ్లోరైడ్ ఉన్న సెన్సిటివిటీ పేస్ట్ ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి క్లీనింగ్ రోజున మొదలెడితే లాభం లేదు. తోమాక పేస్ట్ ఉమ్మేసి, నీళ్లతో బాగా పుక్కిలించకుండా వదిలేయండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. డాక్టర్ రాస్తే కొద్ది రోజులే వాడాలి, ఎక్కువ రోజులైతే పళ్లపై మరకలు పడతాయి, రుచి మారుతుంది.

కుర్చీలో కూర్చోగానే పోయినసారి ఏం జరిగిందో డాక్టర్‌కి చెప్పండి. కంపనలతో గార తీసే పరికరం, అంటే అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస సాధారణంగా సెకనుకు 25 వేలసార్లకు పైగా కంపిస్తుంది. ఆ తీవ్రతను తగ్గించవచ్చు. సున్నితంగా ఉన్న పళ్ల దగ్గర చేతి పరికరాలతోనూ గార తీయవచ్చు. తిమ్మిరి జెల్ రాయమనండి, అవసరమైతే మత్తు ఇంజెక్షన్ కూడా ఉంటుంది. గార ఎక్కువగా ఉంటే రెండు విడతలుగా చేయించుకోవచ్చు. మీరు చెయ్యెత్తితే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఎప్పుడైనా ఆపించగలనన్న ధైర్యం ఉంటే నొప్పి కూడా తక్కువగా తెలుస్తుంది. కొందరికి నెలసరి ముందు రోజుల్లో చిగుళ్లు మరింత సున్నితమవుతాయి. మీకూ అలాగే ఉంటే ఆ రోజులు తప్పించి తేదీ తీసుకోండి.

ఇక పళ్లు వదులవడం. గార తీస్తే గట్టి పన్ను వదులవదు. గార పళ్ల మధ్య గోడలా నిండి ఉండి, లోపల ఎముక ఎప్పుడో అరిగిపోయి ఉంటే, అది తీశాక ఆ కదలిక బయటపడుతుంది. వాపు తగ్గి చిగురు తన స్థానానికి వచ్చాక సందులు కూడా కనిపిస్తాయి. అవి క్లీనింగ్ చేసిన గాయం కాదు.

షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నా ముందే డాక్టర్‌కి చెప్పండి. రక్తం పలుచబడే మందును సొంతంగా ఆపకండి. చిగురు నుంచి చీము, ముఖం వాపు, జ్వరం, పన్ను కదలడం ఉంటే రెండు వారాలు ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.

క్లీనింగ్ అయ్యాక కొన్ని రోజులు కాస్త జివ్వుమనవచ్చు. గోరువెచ్చటి ఉప్పునీటితో పుక్కిలించండి, సెన్సిటివిటీ పేస్ట్ కొనసాగించండి. ఆ రోజు నుంచే మెత్తగా బ్రష్ చేయండి. మళ్లీ ఎప్పుడు రావాలో మీ చిగుళ్ల స్థితిని చూసి డాక్టర్ చెబుతారు. కొందరికి ఆరు నెలలు, చిగుళ్ల జబ్బు ముదిరినవారికి మూడు నాలుగు నెలలకే అవసరం పడుతుంది.