వేడి తగలగానే, నొప్పి తెలియకముందే చెయ్యి ఎలా వెనక్కి వస్తుంది?

ఆ పని మెదడుది కాదు, వెన్నుపాముది. చర్మం నుంచి జ్ఞాననాడి తెచ్చిన కబురును వెన్నుపాములోని సహసంబంధ నాడీకణం నేరుగా కండరాన్ని కదిలించే చాలకనాడికి అందిస్తుంది, కండరం ముడుచుకుంటుంది. మెదడుకు సంగతి ఆ తర్వాతే తెలుస్తుంది. దీన్నే ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) అంటారు.

నాకు ఎప్పటికీ అబ్బురమనిపించేది మాత్రం కబురు నడిచే తీరు. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి విద్యుత్ పీడనం (వోల్టేజి) బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. ప్రేరణ తగలగానే కణం పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) లోపలికి దూసుకొస్తాయి. ఆ మార్పు పక్కనున్న ద్వారాలనూ తెరిపిస్తూ నాడీకణపు పొడవాటి తంతువైన ఆక్సాన్ పొడవునా సాగిపోతుంది. మందమైన మయలిన్ అనే కొవ్వు తొడుగున్న తంతువుల్లో దీని వేగం సెకనుకు 100 మీటర్లు దాటగలదు. తొడుగు లేని సన్నని తంతువుల్లో సుమారు 1 మీటరే! చురుకు తొడుగున్న తంతువుల్లో, మంట తొడుగు లేనివాటిలో ప్రయాణిస్తాయి. ముందు చురుక్కుమని, మంట కాస్త ఆగి రావడం అందుకే.