సెక్షన్ 5 మళ్లీ ఒకసారి చదువుకో

చిట్టితల్లికి,

ఏరియా ఆసుపత్రిలో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. అబార్షన్ కేసంటే మాత్రం ఎక్కడ చట్టంలో ఇరుక్కుంటానోనని టెన్షన్ పడుతున్నావట. ఆ భయం సీనియర్లు అంటించిందే అయ్యుంటుంది. చట్టం తెరిచి చూడనివాళ్లే దాని పేరు చెప్పి ఎక్కువ బెదిరిస్తారు.

1971 ఎంటీపీ చట్టం, అంటే డాక్టర్లు గర్భం తీసేయడానికి సంబంధించిన చట్టం, దాని 2021 సవరణ పరీక్షకు చదివే ఉంటావు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 24 దాకా ఇద్దరు కావాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, ఇలా నిబంధనల్లో చెప్పిన వాళ్లకే. ఆపైన బిడ్డకు తీవ్రమైన లోపముంటే మెడికల్ బోర్డు తేలుస్తుంది. మన చట్టం మరీ గొప్పదని నేననను. ఆడమనిషి అడిగితే చాలదు, డాక్టరు ఒప్పుకోవాలంటుంది. అయితే అందులోని సెక్షన్ 5 వేరు. తల్లి ప్రాణం దక్కాలంటే గర్భం వెంటనే తీసేయక తప్పదని నువ్వు చిత్తశుద్ధితో అనుకుంటే వారాల లెక్క లేదు, రెండో డాక్టరు అక్కర్లేదు, ఆసుపత్రికి ఎంటీపీ అనుమతి ఉందా అన్న ప్రశ్నా లేదు.

సవితా హలప్పనవర్ సంగతి వినే ఉంటావు. బెళగావి అమ్మాయి, డెంటిస్టు. 2012 అక్టోబరులో ఐర్లాండ్‌లోని గాల్వేలో 17వ వారంలో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లకు తెలుసు. ఆమె తీసేయమని అడిగింది కూడా. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆగారు. ఆలోగా సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి, వచ్చి, చేరిన వారానికే చనిపోయింది. 2018 రెఫరెండంలో 66 శాతం మంది ఓటేసి అబార్షన్‌కు అడ్డుపడిన అక్కడి రాజ్యాంగ నిబంధన తీసేశారు. అక్కడ డాక్టరు చేతులు చట్టం కట్టేసింది. ఇక్కడ మన చేతులు మనమే కట్టేసుకుంటున్నాం.

కేస్ షీట్ విషయంలో మాత్రం బద్ధకించకు. ‘కండిషన్ బాగాలేదు, ఎంటీపీ చేశాం’ అని గీకితే రేపు నిన్నెవరూ కాపాడలేరు. రాత్రి 11.40, 18 వారాలు, ఉమ్మనీరు పోయి 20 గంటలు, టెంపరేచర్ 101.6, పల్స్ 124, డిశ్చార్జి వాసన, పొత్తికడుపు ముట్టుకుంటే నొప్పి, సెప్సిస్ అనుమానం, ఆగితే ప్రాణాపాయం. ఇలా రాయి. రాసి సంతకం పెట్టు. ఎవరైనా అడిగితే నీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. చిత్తశుద్ధితో చేసిన పనికి డాక్టరు మీద దావా నిలవదని సెక్షన్ 8 చెబుతుంది.

సంతకమంటే గుర్తొచ్చింది. మొగుడి సంతకం చట్టం ఎక్కడా అడగలేదు. 18 ఏళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేకపోతే ఆమె సంతకం చాలు. పెళ్లి కాలేదని వెనక్కి పంపకు, గర్భం 20 వారాలు దాటి 24 లోపున్నా పెళ్లికానివాళ్లకూ హక్కుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మైనరైతే గార్డియన్ రాతపూర్వక అనుమతి కావాలి, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు తెలపాలి. కానీ ఆ పిల్ల, గార్డియన్ వద్దంటే పేరు చెప్పనక్కర్లేదు, ఇదీ ఆ తీర్పులోనే ఉంది. బయట అత్తగారు గొడవ చేస్తే నర్సమ్మను మాట్లాడమను, నువ్వు లోపల పని ఆపకు.

తలనొప్పి ఎందుకులే అని 108 ఎక్కించేయడం మన దగ్గర మామూలైపోయింది. నిజంగా నీ దగ్గర రక్తమో మత్తు డాక్టరో లేకపోతే పంపు. ముందు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, అవతలి డ్యూటీ డాక్టరుతో నువ్వే ఫోన్‌లో మాట్లాడి, ఆ డాక్టరు పేరు, టైము షీట్‌లో రాసి పంపు.

నీ పెద్దమ్మ