కోనసీమ వాళ్లం, ఏ దేశంలో చలి తట్టుకోగలం? డిగ్రీలతో పాటు వెలుతురు కూడా చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి: మీది రాజోలు దగ్గర ఊరు. మీరు నర్సు, మీవారు అకౌంటెంటు, అయిదేళ్ల పాప ఉంది, అత్తగారికి ఉబ్బసం. కెనడా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో దేనికి ప్రయత్నిస్తే చలికాలం గట్టెక్కగలం అని అడుగుతున్నారు. మాది అంబాజీపేట. కొన్నేళ్లు కెనడాలోని విన్నిపెగ్‌లో, ఆ తర్వాత అక్కడే వాంకూవర్ పక్కనున్న సర్రేలో ఉండి, నాన్నగారిని చూసుకోవడానికి ఇంటికి వచ్చేశాం. మా అక్క వాళ్లు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు, వాళ్లింట్లో ఒక డిసెంబరు అంతా గడిపాను. మా చిన్నాన్న కొడుకు కుటుంబం బ్రిస్బేన్‌లో స్థిరపడింది. కాబట్టి మీరు అడిగిన మూడు దేశాల గురించీ కాస్త దగ్గర నుంచే చెప్పగలను.

మీరు ఊళ్ల కనిష్ఠ ఉష్ణోగ్రతలు పక్కపక్కన రాసుకుని లెక్క చూస్తున్నారు. ఆ లెక్క ప్రకారం బర్మింగ్‌హామ్ సుఖం. అక్కడ జనవరిలో పగలు 7 డిగ్రీలు, రాత్రి ఒకటి, రెండు డిగ్రీలు ఉంటుంది. విన్నిపెగ్‌లో అదే నెలలో పగలు సగటున మైనస్ 11, రాత్రి మైనస్ 21. ఇంక మాట్లాడేదేముంది అనిపిస్తుంది. కానీ నన్నడిగితే, మన డెల్టా మనిషికి విన్నిపెగ్ జనవరి కంటే బర్మింగ్‌హామ్ డిసెంబరే ఎక్కువ కష్టం. ఎందుకో చెబుతాను.

మన చలికాలం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ధనుర్మాసంలో తెల్లారగట్ల పొగమంచు, తలకి మఫ్లరు, అరుగు మీద కాసేపు ఎండ కాచుకోవడం, తొమ్మిది దాటేసరికి అంతా మామూలే. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. సీసాలో నూనె పేరుకుంటే మనింట్లో చలి వచ్చినట్టు లెక్క. విన్నిపెగ్‌లో హీటర్ వేసి ఇంటిని 21, 22 డిగ్రీల మీద ఉంచుకుంటాం కాబట్టి చలికాలమంతా ఆ సీసా తెల్లగా గడ్డ కట్టే ఉంటుంది, అయినా ఇంట్లో ఎవరికీ చలి వేయదు. మనం లెక్కలో వేసుకోనిది ఎండ. మనకి డిసెంబరులో కూడా పగలు 11 గంటలుంటుంది. వెలుతురు లేని రోజు ఎలా ఉంటుందో తుఫాను రోజుల్లో తప్ప మనం ఎరగం.

విన్నిపెగ్ చలి భయపెట్టే మాట నిజమే. బస్టాపులో నిలబడితే ముందు ముక్కులో వెంట్రుకలు బిరుసెక్కుతాయి, కాసేపటికి మన ఊపిరే కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. కాలికింద మంచు కిర్రుమంటుంది. అక్కడ థర్మామీటరు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. మైనస్ 20 ఉన్నప్పుడు గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. గాలి కలిపిన ఈ అంకెని కూడా వాతావరణ శాఖ రోజూ ఇస్తుంది, బయలుదేరేముందు చూడాల్సింది అదే. అది మైనస్ 28 దాటితే, కప్పుకోకుండా వదిలేసిన చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కారు ఇంజను బిగుసుకుపోకుండా రాత్రిళ్లు కరెంటు ప్లగ్గు పెట్టి ఉంచుతారు. పార్కింగుల్లో స్తంభానికో ప్లగ్గు చూసి మొదట్లో చాలా ఆశ్చర్యపోయాం.

అయినా ఆ ఊరు ఆ చలి కోసమే కట్టిన ఊరు. కిటికీలకి రెండు మూడు పొరల అద్దాలు, గోడల్లో మందపాటి దూది లాంటి పొర, ఊరి నడిబొడ్డున ఒక భవనం నుంచి ఇంకో భవనానికి లోపల్లోపలే నడిచిపోయే దారులు. మంచి జాకెట్టు, స్నో బూట్లు, చెవులు మూసే టోపీ ఉంటే బయట పని చేసుకోవచ్చు. (ఇవి ఇక్కడ కొనకండి. హైదరాబాద్‌లో దొరికే జాకెట్టు మైనస్ 10కే చేతులెత్తేస్తుంది. అక్కడికెళ్లాక కొనుక్కోండి.) పిల్లల విషయంలో అసలు టెన్షన్ పడొద్దు. గాలి కలిపిన చలి మైనస్ 27, 28 దాటితే తప్ప బడిలో విరామానికి వాళ్లని బయట ఆటకే పంపుతారు, వాళ్లు మనకంటే ముందు అలవాటు పడిపోతారు. అన్నిటికంటే పెద్ద ఊరట, బాగా చలి పెట్టే రోజున ఆకాశం నీలంగా, ఎండ తళతళలాడుతూ ఉంటుంది. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే అయినా, ఆ ఎనిమిది గంటలూ కిటికీ దగ్గర కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది.

అక్కడ అసలు కష్టం వేరే ఉంది. ఆ చలికాలం ఎంతకీ అవ్వదు. నవంబరులో పడిన మంచు చాలా ఏళ్లలో మార్చి చివరి దాకా కరగదు, ఏప్రిల్లో మళ్లీ పడ్డా ఎవరూ ఆశ్చర్యపోరు. ఉగాది నాడు వేపపువ్వు లేకుండా పచ్చడి కలుపుకుంటూ కిటికీలోంచి మంచు గుట్టలు చూడటం మా ఆవిడకి జనవరి చలి కంటే బాధగా ఉండేది. రెండోది, ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. ఉక్కపోతలో పుట్టి పెరిగిన ఒళ్లు మనది. ముక్కులో పొక్కులు కడతాయి, అప్పుడప్పుడు రక్తం చారిక కనిపిస్తుంది, మడమలు పగులుతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతుంది. పడగ్గదిలో గాలికి తేమ పట్టించే మిషను పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు వాంకూవర్ సంగతి. కెనడాలో చలి తక్కువున్న చోటు అని అందరూ దీనికే ఎగబడతారు. జనవరిలో పగలు 7 డిగ్రీల దాకా ఉంటుంది, మంచు ఏడాదికి కొన్ని రోజులే. కానీ మన నాట్లప్పుడు పట్టే ముసురు నాలుగు నెలలు వదలకపోతే ఎలా ఉంటుందో అక్కడి చలికాలం అలా ఉంటుంది. నవంబరు మొదలుకుని ఫిబ్రవరి దాకా మబ్బు, సన్నటి జల్లు, తడిసిన బూట్లు. విన్నిపెగ్‌లో మైనస్ 30కి భయపడని మా ఆవిడ సర్రేలో రెండో చలికాలానికి పొద్దున్నే లేవడానికి కూడా ఇష్టపడేది కాదు. డాక్టరుకి చూపిస్తే వెలుతురు చాలకపోవడం వల్ల వచ్చే దిగులని చెప్పి, పొద్దున పూట కాసేపు కూర్చోవడానికి 10,000 లక్స్ వెలుతురిచ్చే దీపం వాడమన్నారు. నిజంగానే ఉపయోగపడింది. ఇది జబ్బే, బద్ధకం అనుకుని ఎవరూ ఎవరినీ దెప్పకూడదు.

బర్మింగ్‌హామ్‌లో ఆ మబ్బుకి ఇళ్లు కూడా తోడవుతాయి. డిసెంబరులో నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది, తెల్లారేసరికి ఎనిమిది దాటుతుంది. మీరు నర్సు కాబట్టి ఇది ఇంకా గట్టిగా చెబుతున్నాను. 12 గంటల పగటి షిఫ్టు చేస్తే వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. వరసగా డ్యూటీలు పడితే సూర్యుణ్ణి వార్డు కిటికీలోంచి చూడటమే. అక్క వాళ్లు అద్దెకుంటున్న పాత ఇంట్లో పొద్దున్నే కిటికీ అద్దాల లోపలి వైపు నీళ్లు కారేవి, గుడ్డ పెట్టి తుడిచి పిండితే చెంబులోకి వచ్చేవి. బీరువా వెనక గోడకి నల్లటి బూజు. బట్టలు బయట ఆరవు కాబట్టి హీటరు మీదే ఆరేస్తారు, ఆ తేమంతా మళ్లీ గోడలకే పడుతుంది. గ్యాసు బిల్లుకి భయపడి హీటరు కట్టేసుకుని స్వెట్టర్లు తొడుక్కుని కూర్చునే ఇళ్లు చాలా ఉన్నాయి. 7 డిగ్రీల తడి చలి ఇంట్లోకి, పరుపులోకి దూరుతుంది. ఒకటి మాత్రం అక్కడికెళ్తే తప్పకుండా పాటించండి: అక్టోబరు నుంచి మార్చి మొదలు దాకా రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవే చెబుతుంది. మనలాంటి ఛాయ ఉన్నవాళ్లయితే ఏడాది పొడుగునా వేసుకోవడం మంచిదంటారు.

ఆస్ట్రేలియా విషయానికొస్తే, మీరు దాన్ని ఒకే వాతావరణం అనుకుంటున్నట్టున్నారు. అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. మెల్‌బోర్న్‌లో జూలైలో పగలు 14, రాత్రి 7 దరిదాపుల్లో ఉంటుంది, ఇళ్లు చలికి తగ్గట్టు కట్టినవి తక్కువ. వేసంగిలో ఎండ 40 దాటే రోజులుంటాయి, 2009 ఫిబ్రవరి 7న 46.4 డిగ్రీలు వచ్చింది. బ్రిస్బేన్ మనకి బాగా దగ్గర. జూలైలో పగలు 22, రాత్రి 10, పైగా ఎండ. అక్కడ చలికాలమంటే మన సంక్రాంతి ముందు రోజుల కంటే కాస్త ఎక్కువ చలి, అంతే, ఒక స్వెట్టరు చాలు. ఎండాకాలంలో ఉక్కపోత, సాయంత్రం ఉరుములు, పెరట్లో మామిడి చెట్టు, అన్నీ తెలిసినవే. మా తమ్ముడు కరివేపాకు, మునగ, అరటి నేల మీదే పెంచుతున్నాడు. విన్నిపెగ్‌లో మేం కరివేపాకు మొక్కని కుండీలో పెట్టి ఒక్క చలికాలం దాటించలేకపోయాం.

ఇంకా పైకి వెళ్తే కెయిర్న్స్ ఉంది. భూమధ్యరేఖకి మన అమలాపురం ఉత్తరాన ఎంత దూరమో అది దక్షిణాన దాదాపు అంతే దూరం. ఊరి చుట్టూ చెరుకు తోటలు, దగ్గర్లోని ఇన్నిస్‌ఫెయిల్ దగ్గర అరటి తోటలు. 1996 నవంబరు తుఫానుకి మన కొబ్బరి ఎలా నేలకొరిగిందో, 2006లో లారీ తుఫానుకి అక్కడి అరటి అలా పోయింది. పెద్ద ఊరు కాదు కాబట్టి మీవారి ఉద్యోగానికి అవకాశాలు తక్కువుండొచ్చు, నర్సులకి మాత్రం ఇలాంటి ఊళ్లలో గిరాకీ ఉంటుంది. బ్రిస్బేన్‌లో ఇల్లు చూసుకునేటప్పుడు మాత్రం వరద సంగతి అడగండి. 2011లో, 2022లో ఆ ఊళ్లోకి నీళ్లొచ్చాయి. వీధి పేరు కొడితే ముంపు ఎంతో చూపించే మ్యాపు నగర పాలక సంస్థే ఉచితంగా ఇస్తుంది. 2022 జూలైలో లంకల్లో నడుంలోతు నీళ్లు చూసినవాళ్లం, ఏటిగట్టుకి ఏ పక్కన ఉన్నామో చూసుకోకుండా ఇల్లు తీసుకోకూడదు.

గల్ఫ్ గురించి మీరు అడగలేదు, అక్కడి వేసవిని మన డెల్టాలో ప్రతి వీధిలో ఎవరో ఒకరు చెబుతారు. అమెరికాలో డాలస్ వేడి ప్రాంతమని ధీమాగా వెళ్తారు గానీ 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుఫానుకి కరెంటు పోయి, పైపులు పగిలి జనం చాలా ఇబ్బంది పడ్డారు. చలి అరుదుగా వచ్చే ఊరు చలికి సిద్ధంగా ఉండదు.

మీ ప్రశ్నలో నాకు బరువైనది అత్తగారి ఉబ్బసం. పొడి చలిగాలి ఒక్కసారిగా పీలిస్తే ఆయాసం వస్తుంది, కాబట్టి కెనడాలో ఆవిడ ముక్కూ నోరూ మఫ్లరుతో కప్పుకుని బయటికి రావాలి. బూజు పట్టిన తడి ఇల్లు అంతకంటే చెడ్డది, ఎందుకంటే దాన్ని రోజంతా పీలుస్తూనే ఉంటారు. మెల్‌బోర్న్‌లో 2016 నవంబరులో ఉరుములతో వచ్చిన గాలివానకి గడ్డి పుప్పొడి ఊరంతా కమ్మి, వేలమందికి ఒకేసారి ఆయాసం వచ్చి 10 మంది చనిపోయారు. అందుకని ఆవిడతో మెల్‌బోర్న్ నేను ఒప్పుకోను. ఏ ఊరైనా ముందు మీ ఛాతీ డాక్టరుతో మాట్లాడి, మందులు ఎన్ని నెలలకి తీసుకెళ్లాలో రాయించుకోండి.

మీ స్థానంలో నేనుంటే ముందు బ్రిస్బేన్‌కి ప్రయత్నిస్తాను. అక్కడ మీ నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఆలస్యమయ్యేలా ఉంటే కెనడాలో క్యాల్గరీ చూస్తాను. చలి గట్టిదే గానీ ఆ దేశంలో ఎండ బాగా ఉండే ఊళ్లలో అదొకటి. పైగా చినూక్ అనే వెచ్చటి గాలి కొండల మీంచి దిగి కొన్ని గంటల్లోనే 20 డిగ్రీలు పెంచేస్తుంది. ఆ మార్పుకి కొందరికి తలనొప్పి వస్తుంది. విన్నిపెగ్ నుంచి పిలుపొస్తే అంకె చూసి వదులుకోవద్దు. ఇంగ్లండ్ అయితే జీతం కంటే ముందు ఇల్లు చూసుకోండి, గోడలు తడిమి చూడకుండా అద్దెకి తీసుకోకండి. కెనడాకైనా, ఇంగ్లండ్‌కైనా ఏప్రిల్, మే నెలల్లో దిగితే కుదురుకోవడానికి ఎండాకాలం మొత్తం చేతిలో ఉంటుంది.

అత్తగారిని ఏడాది పొడుగునా అక్కడే ఉంచాలని పట్టుబట్టకండి. కెనడాలో తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద 2022 నుంచి ఒకేసారి అయిదేళ్ల దాకా ఉండొచ్చు, కాబట్టి గడువు గురించి కంగారుండదు. మా అమ్మ మే నెలలో వచ్చి, రోహిణి ఎండలు తప్పించుకుని, అక్టోబరు చివర్లో వెళ్లిపోయేది. కార్తీక మాసానికి ఇల్లు చేరి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊళ్లోనే ఉండేది. మీ అత్తగారికి కూడా అదే సరిపడుతుందని నా నమ్మకం. టిక్కెట్లు ముందే తీసుకుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది.